తాత పార్టీ, నా ఓటు, స్నేహితురాలికి ఇచ్చిన పేపర్ కప్పు

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గర ఒక పల్లె. కొంచెం మామిడి తోట ఉంది. నేను తిరుపతిలో హాస్టల్లో ఉండి పీజీ చదువుతున్నాను. 2024 మే ఎన్నికల్లో మొదటిసారి ఓటు వేశాను. మా తాత 1983 నుంచి తెలుగుదేశం. మా ఇంట్లో ఓట్లన్నీ తాత చెప్పినట్టే పడతాయి. బూత్ నుంచి ఆటోలో వస్తూ 'మనోళ్ళకే వేశావు కదా' అని అడిగితే అబద్ధం చెప్పలేక లేదన్నాను. అప్పటినుంచి తాత నాతో సరిగా మాట్లాడడం లేదు. నాయనేమో 'ఎవడొచ్చినా మనకు ఒరిగేదేం లేదు, నువ్వు చదువుకో' అంటాడు. అవ్వకు ఇవేవీ తెలియవు. పోయిన సంక్రాంతికి నా క్లాస్‌మేట్‌ని ఇంటికి తీసుకుపోయాను. వాళ్ళది దళితవాడ అని మాటల్లో తెలిసింది. మా అందరికీ స్టీలు గ్లాసుల్లో కాఫీ వచ్చింది, ఆ అమ్మాయికి మాత్రం పేపర్ కప్పులో ఇప్పించాడు తాత. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో పెద్ద మెసేజ్ పెట్టాను, 'మీ తరం వల్లే ఊళ్ళు ఇట్లా తగలబడినాయి, మీ ఓట్లూ దండగే' అని. ఇప్పుడు చిన్నాయన వాళ్ళూ మాట్లాడడం లేదు. వీళ్ళను మార్చడం అయ్యే పనేనా? లేకపోతే ఇంట్లో రాజకీయాలు ఎత్తకుండా ఉండాలా? ఆ మెసేజ్ తీసేయమని అమ్మ పోరుతోంది, తీసేయాలా?

జవాబు:

అమ్మాయ్, నీ ఇంట్లో నడుస్తున్నవి రెండు గొడవలు. ఓటు గొడవ ఒకటి, కప్పు గొడవ ఇంకొకటి. ఆ రాత్రి కోపంలో రెండూ కలిపి ఒకే మెసేజ్‌లో పెట్టావు, దాంతో ఇంట్లోవాళ్ళు ఓటు ముక్క పట్టుకుని నీమీద అలిగి, కప్పు సంగతి మాట్లాడే పని తప్పించుకున్నారు. ఈ రెండూ విడదీస్తే తప్ప ఇది తెగదు. ఓటు విషయంలో నువ్వు తాతను ఓపిగ్గా అర్థం చేసుకోవాలని నేను గట్టిగా చెప్తాను. కప్పు విషయంలో మాత్రం ఒక్క అడుగు కూడా వెనక్కి వేయొద్దని అంతకంటే గట్టిగా చెప్తాను.

ముందు తాత ఓటు సంగతి చూద్దాం. ఆయన వయసు నువ్వు రాయలేదు. పీజీ చదివే మనవరాలుందంటే డెబ్బైకి అటూ ఇటూ ఉంటాడనుకుంటున్నా. అంటే 1983 జనవరి ఎన్నికలనాటికి ముప్పై కూడా నిండని మనిషి. అప్పటిదాకా మన పల్లెల్లో చాలా ఇళ్ళల్లో ఓటంటే కాంగ్రెస్సే. కాడెద్దుల గుర్తు పోయి ఆవూదూడ వచ్చినా, అదీ పోయి చెయ్యి గుర్తు వచ్చినా ఓటు మాత్రం అక్కడే పడేది. ఎమర్జెన్సీ తర్వాత 1977లో ఉత్తరాదిన ఇందిరా గాంధీ పార్టీ తుడిచిపెట్టుకుపోతే, మన రాష్ట్రంలో 42 లోక్‌సభ సీట్లలో 41 కాంగ్రెస్‌కే ఇచ్చారు జనం. అట్లాంటి చోట 1982 మార్చిలో ఎన్టీ రామారావు పార్టీ పెట్టి, వ్యాన్ మీద ఊరూరూ తిరిగి, తొమ్మిది నెలల్లో 294 సీట్లలో 200కు పైగా గెలిచారు. ఆయన పోటీ చేసి గెలిచిన ఒక సీటు మన తిరుపతే. ఈ గెలుపు వెనక పెద్దవాళ్ళ మాట కాదని మొదటిసారి వేరే గుర్తు మీద ముద్ర వేసిన కుర్రవాళ్ళు వేలమంది ఉన్నారు. మీ తాత వాళ్ళలో ఒకడై ఉండడానికే ఎక్కువ అవకాశం, ఎందుకంటే 1983 నుంచి ఆ పార్టీ అన్నావు గానీ ముత్తాత కాలం నుంచి అనలేదు. ముత్తాత ఓటు ఎక్కడ పడేదో, ఆ ఏడాది మీ ఇంట్లో ఏం జరిగిందో తాతను అడిగావా ఎప్పుడైనా? నువ్వు ఆటోలో లేదన్నావే, ఆ మాట ఆయన వాళ్ళ నాయనకు చెప్పి ఉండొచ్చు. చెప్పాక ఇంట్లో ఎన్నాళ్ళు మాటల్లేకుండా పోయాయో కూడా ఆయనకు గుర్తుంటుంది.

ఇంకొకటి కూడా అడుగు. ఆ ఎన్నికల్లో చంద్రగిరిలో కాంగ్రెస్ తరఫున నిలబడి ఓడిపోయింది చంద్రబాబు నాయుడే. 1978లో అదే చంద్రగిరిలో కాంగ్రెస్ నుంచి గెలిచి, 1983లో సైకిల్ గాలికి ఓడి, ఆ తర్వాత తెలుగుదేశంలోకి వచ్చారు. మీ తాత ఓటు అప్పుడు అక్కడే ఉండి సైకిల్‌కు పడి ఉంటే, అది ఇప్పటి తన నాయకుడికి వ్యతిరేకంగా పడిన ఓటన్నమాట. తాతను ఇరికించడానికి ఈ సంగతి వాడకు. నాయకులు పార్టీలు మారారు, పొత్తులు మారాయి, నలభై ఏళ్ళలో అన్నీ మారాయి, అయినా ఆయన ఒకేచోట నిలబడి ఉన్నాడంటే ఆయన్ని పట్టి ఉంచింది ఏమిటో తెలుసుకోవడానికి అడుగు.

నాకు తెలిసినంతలో ఆ వయసువాళ్ళను పట్టి ఉంచింది మూడు నాలుగు గట్టి జ్ఞాపకాలు. రెండు రూపాయలకు కిలో బియ్యం. 1984లో కరణం, మునసబు పదవులు రద్దు కావడం, దీని విలువ నీకు చెప్తే తప్ప తెలియదు, ఎందుకంటే నువ్వు అడంగల్ ఫోన్లో చూసుకునే కాలంలో పుట్టావు. అప్పట్లో నీ పొలం ఎవరి పేరున ఉందో తెలియాలంటే కరణం ఇంటి అరుగు ముందు నిలబడాలి, ఆయనకు తీరికైనప్పుడు చెప్తాడు. ఆ పదవి తండ్రి నుంచి కొడుక్కి పోయేది, అడిగే దిక్కు లేదు. ఒక సంతకంతో అది పోయింది. అదే ఏడాది ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ రామ్‌లాల్ బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేస్తే, జనం రోడ్లెక్కారు, సరిగ్గా నెల తిరిగేసరికి సెప్టెంబర్ 16న మళ్ళీ ఎన్టీఆర్ ప్రమాణం చేశారు. రోడ్డెక్కితే ఢిల్లీ కూడా దిగివస్తుందని కళ్ళతో చూసిన తరం అది. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా అన్న చట్టం కూడా అప్పటిదే, దేశం మొత్తానికి ఆ మాట చట్టంలోకి రావడానికి 2005 దాకా పట్టింది. తిరుపతిలో పద్మావతి మహిళా యూనివర్సిటీ పెట్టింది 1983లో. మీ తాతకు ఓటు అంటే ఇవన్నీ. అది దండగ ఓటు అని నువ్వు రాసిన మాట ఆయనకు ఎట్లా తగిలి ఉంటుందో ఒకసారి ఆలోచించు. నువ్వు హాస్టల్లో ఉండి పీజీ చదవడం కూడా కొంతవరకు ఆ రోజుల్లో కదిలినవాటి వల్లే.

నాయన సంగతికి వస్తే, 'ఎవడొచ్చినా ఒకటే' అనేవాళ్ళంటే నీ వయసువాళ్ళకు చిరాకు. నాకు మాత్రం వాళ్ళమీద జాలి, ప్రేమ రెండూ ఉన్నాయి. మీ నాయన వయసువాళ్ళు నమ్మనివాళ్ళేమీ కాదు, మూడుసార్లు నమ్మారు. 2008 ఆగస్టు 26న చిరంజీవి తిరుపతిలో సభ పెట్టి ప్రజారాజ్యం ప్రకటించిన రోజు ఈ ఊరి రోడ్ల మీద నడవడానికి సందు లేదు, ముప్పై ఏళ్ళ కుర్రవాళ్ళు ఇక మా వంతు వచ్చిందనుకున్నారు. 2009లో తిరుపతి నుంచి ఆయన్ని గెలిపించారు కూడా. 2011లో ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. తర్వాత 2013లో సమైక్యాంధ్ర అని ఆఫీసులు మూసి, స్కూళ్ళు మూసి, ఆర్టీసీ బస్సులు వారాల తరబడి ఆపుకుని రోడ్ల మీద కూర్చున్నారు. 1984లో తాత తరం చేసిన పనే అది, ఈసారి ఢిల్లీ దిగిరాలేదు, 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. సరే, ప్రత్యేక హోదా వస్తుందన్నారు, ఎన్నికల ముందు మన తిరుపతి సభలోనే ఆ మాట విన్నారు, అదీ రాలేదు. ఇన్ని జరిగాక ఆయన 'నువ్వు చదువుకో' అంటున్నాడంటే అది పిరికితనం అనుకోకు. నీకు తనలాగా దెబ్బ తగలకూడదని అంటున్నాడు. ఆయన్ని పార్టీ గురించి అడిగితే విసుక్కుంటాడు. ఆ రోజు సభకు పోయావా నాయనా అని అడిగి చూడు, గంట మాట్లాడతాడు.

ఇక అవ్వ. నీ ఉత్తరంలో అవ్వ గురించి ఉన్నది ఒక్క వాక్యం, 'ఇవేవీ తెలియవు' అని. నాకు ఉత్తరం మొత్తంలో బాధ కలిగించిన వాక్యం ఇదే. నీ అవ్వ నడివయసులో ఉండగా పక్క జిల్లా నెల్లూరులో దూబగుంట అనే పల్లెలో, రోశమ్మ లాంటి ఆడవాళ్ళు, సంపూర్ణ అక్షరాస్యత రాత్రిబళ్ళలో అక్షరాలు దిద్దుకుంటున్న కూలి మనుషులు, సారా కొట్టు మూయించారు. అక్కణ్ణుంచి పాకి రాష్ట్రమంతా సారా వేలంపాటలు జరగనివ్వకుండా చీపుర్లు పట్టుకుని అడ్డం కూర్చున్నారు, మన చిత్తూరు జిల్లాలో కూడా. 1993 అక్టోబర్‌లో ప్రభుత్వం రాష్ట్రమంతా సారా నిషేధించక తప్పలేదు. ఆ నెల్లూరు జిల్లాలో కొంతభాగం, సూళ్ళూరుపేట, వెంకటగిరి వైపు, 2022 నుంచి మన తిరుపతి జిల్లాలోనే ఉంది. పార్టీ జెండా లేకుండా, నాయకుడి ఫోటో లేకుండా ఆడవాళ్ళు చేసిన ఇంత పెద్ద రాజకీయం మన ప్రాంతంలో ఇంకొకటి లేదని నా నమ్మకం. మీ అవ్వ అందులో ఉందో లేదో నాకు తెలియదు, నీకూ తెలియదు, ఎందుకంటే నువ్వు అడగలేదు. మీ ఇంట్లో ఇన్నేళ్ళూ ఆమె ఓటు తాత చెప్పినట్టే పడిందని నీకు ఎవరు చెప్పారు? తాతే కదా. ఆమెను ఒంటరిగా ఉన్నప్పుడు అడుగు.

సరే, నీ ఓటు. అది నీది, దానికి తాత అనుమతి అక్కర్లేదు, నువ్వు ఎవరికి వేశావో నాకు రాయలేదు, అవసరం కూడా లేదు. అబద్ధం చెప్పకపోవడం మంచిదే గానీ, నిజం చెప్పి తీరాలన్న రూలు కూడా లేదు. మళ్ళీ ఎవరైనా అడిగితే 'ఓటు సంగతి అడగొద్దు తాతా' అని నవ్వుతూ అనేయొచ్చు. పల్లెల్లో ఒక భయం ఉంటుంది, మన బూత్‌లో ఎవరికి ఎన్ని పడ్డాయో లెక్క బయటికొస్తుంది, మన ఇంటి ఓట్లు పోయాయని తెలిసిపోతుంది అని. బూత్ లెక్క తెలిసే మాట నిజమే, ఎవరి ఓటు ఎటు పోయిందో మాత్రం ఎవరికీ తెలియదు. వీవీప్యాట్ స్లిప్పు కూడా ఏడు సెకన్లు నీకు కనబడి డబ్బాలో పడిపోతుంది, దాని మీద నీ పేరుండదు. తాతకు ఊళ్ళో పరువు పోతుందన్న బెంగ ఉంటే ఈ మాట మెల్లగా చెప్పు. ఏజెంట్‌గా కూర్చునే మనిషికి 'మా ఇంటివి ఇన్ని ఓట్లు' అని మాట ఇచ్చి ఉంటాడు, ఆ మాట పోయిందన్నదే ఆయన బాధ కావచ్చు. తన ఓటుకు మాట ఇవ్వొచ్చు, మిగతావాళ్ళ ఓట్లకు ఇవ్వడం కుదరదని ఆయన ఒప్పుకోవడానికి టైం పడుతుంది, పట్టనీ.

కప్పు విషయానికి టైం ఇవ్వడం నాకు ఇష్టం లేదు. 'తాత పాతకాలం మనిషి, ఆయనకు తెలియదు' అని మీ ఇంట్లో ఎవరో ఒకరు అనే ఉంటారు. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణంతో 1950లోనే రద్దు చేసింది. దాన్ని పాటిస్తే శిక్ష అని చట్టం 1955లో వచ్చింది. అంటే దాదాపు మీ తాత వయసూ ఆ చట్టం వయసూ ఒకటే, అది లేని కాలంలో ఆయన పెద్దవాడు కాలేదు. పైగా పేపర్ కప్పు పాతకాలపుది కూడా కాదు. ఊళ్ళల్లో ఒకప్పుడు కొబ్బరిచిప్పల్లో పోసేవాళ్ళు, ఆ తర్వాత టీ కొట్లలో రెండు గ్లాసులు వచ్చాయి, ఒకటి లోపల, ఒకటి బయట చూరుకు. రెండు గ్లాసుల మీద కేసులు, గొడవలు మొదలయ్యాక డిస్పోజబుల్ వచ్చింది, దాంతో ఎవరూ ఏమీ అనలేరని. అంటే ఇది తెలియక చేసిన పని కాదమ్మా, కాలంతోపాటు మార్చుకుంటూ వచ్చిన పని.

తాత నీకు 1983 గురించి చెప్పాక, నువ్వు 1985 గురించి అడగాలి. ఆ ఏడాది జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో, మాదిగలు తాగే నీళ్ళ చెరువులో గేదెల కుడితి బకెట్లు కడిగి మురికి చేస్తుంటే వద్దన్నందుకు ఊరిమీద పడి ఆరుగురిని చంపారు. దళిత మహాసభ పుట్టింది ఆ నెత్తుటి నుంచే. కరణం అరుగు ముందు నిలబడడం తప్పిందని మీ తాత సంతోషపడిన రోజుల్లోనే, అదే రాష్ట్రంలో, తాగే నీళ్ళు శుభ్రంగా ఉంచమన్నందుకు మనుషుల్ని చంపారు. ఆయనకు వచ్చిన మార్పు అందరికీ రాలేదు. తనను అరుగు కింద నిలబెట్టినప్పుడు ఎట్లా ఉండేదో ఆయనకు తెలుసు. ఆ తెలిసిన మనిషి ఒక ఆడపిల్ల చేతికి పేపర్ కప్పు ఎట్లా ఇప్పించాడు? ఇదే ప్రశ్న, ఈ మాటలతోనే, ఎదురుగా కూర్చుని అడుగు. గ్రూప్‌లో మాత్రం వద్దు, చిన్నాయన వాళ్ళ ముందు కూడా వద్దు. నలుగురిలో అడిగితే ఆయన పరువు కాపాడుకునే పనిలో పడతాడు, నీ ప్రశ్న చెవికెక్కదు. ఆయన కోప్పడితే కోప్పడనీ. 'నాకు కాఫీ ఇచ్చే గ్లాసులోనే నా స్నేహితురాలికీ ఇవ్వాలి, లేదంటే నాకూ పేపర్ కప్పే ఇవ్వండి' అని చెప్పి, చెప్పినట్టు చెయ్యి. పండక్కి వచ్చినప్పుడల్లా అదే చెయ్యి. ఓటు విషయంలో ఆయన్ని మార్చాల్సిన పని నీకు లేదు. ఈ విషయంలో ఆయన మారినా మారకపోయినా నువ్వు మారకూడదు.

రాజకీయాలు మానేయాలా అని అడిగావు. మానొద్దు, కాకపోతే పార్టీ పేరుతో మొదలుపెట్టొద్దు. మీకు మామిడి తోట ఉందన్నావు కదా, 2025 వేసవిలో తోతాపురి రేటు పడిపోయి ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి క్యూలో నిలబడినప్పుడు మీ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారు? ఫ్యాక్టరీలు కిలోకు ఎనిమిది ఇవ్వాలి, ప్రభుత్వం నాలుగు కలుపుతుంది, మొత్తం పన్నెండు అన్నారు. మీకు ఎంత చేతికొచ్చింది? ఫ్యాక్టరీ వాళ్ళ వాటా పూర్తిగా పడిందా? ఈ లెక్క దగ్గర తాత, నాయన, నువ్వు ముగ్గురూ ఒకేవైపు ఉంటారు. నాయన గొంతు లేస్తుంది చూడు. నీకు ఆన్‌లైన్‌లో జీవోలు వెతకడం వచ్చు, తాతకు దామలచెరువు మండీలో ఎవరిని అడగాలో తెలుసు.

పంచాయతీ ఎన్నికల గురించి కూడా ఆలోచించు. వాటిలో పార్టీ గుర్తులుండవు. వెనక పార్టీలు ఉండే మాట నిజమే, అయినా బ్యాలెట్ మీద ఉండేది మీ ఊరి మనిషి, మీ వీధి మనిషి. ఎవరు వీధిలైట్ వేయించారో, ఎవరు దళితవాడకు నీళ్ళ పైపు రానివ్వలేదో తెలిసి వేసే ఓటు అది, అక్కడ మీ తాత ఓటూ నీ ఓటూ కలిసినా ఆశ్చర్యం లేదు. సర్పంచ్, వార్డు పదవుల్లో సగం ఆడవాళ్ళకే. పోటీ చేయడానికి 21 నిండితే చాలు, అంటే నీకు ఆ వయసు వచ్చింది లేదా వచ్చేస్తోంది. నువ్వు ఆ మాట ఇంట్లో అంటే అమ్మ కంగారు పడుతుంది, నాయన వద్దంటాడు. తాత ఏమంటాడో నేను ఊహించగలను గానీ చెప్పను, అడిగి నువ్వే తెలుసుకో.

మెసేజ్ సంగతి. 'మీ తరం వల్లే తగలబడినాయి', 'మీ ఓట్లూ దండగే', ఈ రెండూ తప్పు మాటలు. ఆ రెండు వాక్యాలకు గ్రూప్‌లోనే క్షమాపణ చెప్పు, ఎందుకంటే అక్కడే అన్నావు. కప్పు గురించి రాసింది మాత్రం తీయకు. అమ్మకు కూడా ఇట్లాగే విడమరిచి చెప్పు, ఆమె ఇద్దరి మధ్యా నలిగిపోతోంది పాపం.

నీ ఉత్తరంలో లేని సంగతి ఒకటి అడుగుతాను. ఆ రోజు కాఫీ తాగిన తర్వాత నీ స్నేహితురాలు ఏమంది? నువ్వు ఆమెతో మాట్లాడావా? తాతను మార్చే పథకంలో భాగంగా ఆమెను మళ్ళీ ఇంటికి పిలవొద్దు, ఆమె మీ ఇంటికి పాఠం చెప్పడానికి రాలేదు, పండక్కి వచ్చింది. ముందు ఆమె దగ్గరికి పో, మీ ఇంట్లో జరిగినదానికి నీ తరఫున క్షమించమని అడుగు, మళ్ళీ రావాలని ఉందో లేదో ఆమెనే చెప్పనీ. రానంటే, వాళ్ళ ఊరికి నువ్వు వెళ్ళు.